మండపం కోసం సముద్రం దాకా

బెజవాడ నుంచి కిందికి, సముద్రం వైపు వెళ్ళేవాళ్ళు మామూలుగా కూచిపూడిలో కాసేపు ఆగుతారు, మోపిదేవిలో దర్శనం చేసుకుంటారు, హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఫోటోలు దిగుతారు. ఆ దారినే మూడు రోజులు తిరిగి కూడా నేను వాటిలో ఒక్కటీ చూడలేదు. నేను చూసినవన్నీ పెళ్ళి మండపాలు. వాటి మెట్లు, వంటశాలలు, చేతులు కడుక్కునే కుళాయిలు, జనరేటర్ గదులు. కార్తీక మాసంలో కాలేజీకి వరుసగా మూడు రోజులు సెలవులు కలిసొస్తే, నాకు కాబోయే భర్త నాంచారయ్య బండి వెనక కూర్చుని బయల్దేరాను. మాఘంలో మా పెళ్ళి. దానికి చోటు కావాలి.

మేమిద్దరం ఒకే జూనియర్ కాలేజీలో పనిచేస్తాం. నేను బోటనీ, ఆయన లెక్కలు. కులాలు వేరు. మా నాన్న హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మా పెళ్ళికి సరేననడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. అన్నాక కూడా ఒక షరతు పెట్టారు. పెళ్ళి పద్ధతిగా, పురోహితుడున్న కల్యాణ మండపంలో జరగాలి. సముద్రం ఒడ్డున ఇసకలో నా కూతురి పెళ్ళి చెయ్యను అన్నారు.

నాంచారయ్య వాళ్ళది నాగాయలంక దాటాక చేపల వేట మీద బతికే ఊరు. తండ్రి లేడు. తల్లి నాగమ్మ గారు కూడా ఒక షరతు పెట్టింది. పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరే దూరమైతేనే వస్తానంది. ఇంటికి తాళం పెట్టి రాత్రి బయట ఉండదట. ఎందుకంటే పెద్ద కొడుకు వీరాస్వామి ఎప్పుడొస్తాడో తెలియదు.

ఎనిమిది నెలల క్రితం, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వీరాస్వామి వెళ్ళిన బోటు తిరగబడింది. నలుగురు వెళ్తే ముగ్గురొచ్చారు. అలల్లో విడిపోయామని, తర్వాత కనపడలేదని ఆ ముగ్గురూ చెప్పారు. శవం దొరకలేదు. పరాయి దేశం బోటు ఏదో ఎక్కించుకుని ఉంటుందని, ఏ జైల్లోనో ఉన్నాడని తల్లి నమ్మకం. అలా ఏళ్ళ తర్వాత తిరిగొచ్చినవాళ్ళు ఆ తీరంలో ఉన్నారు కూడా. నాంచారయ్య నెలకోసారి మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్ళి అడిగి వస్తున్నాడు.

ఇంటి పెద్ద లేనప్పుడు వరుడి తరఫున పీటల మీద కూర్చోవలసింది అన్నా వదినలే. ఆ సంగతి మాకు తెలుసు. మండపాలు వెతకడానికి బయల్దేరినప్పుడు దాన్ని ఒక సమస్యగా మాత్రం అనుకోలేదు.

బెజవాడ

మొదటిది ఊళ్ళోనే, బందరు రోడ్డు మీద. నాన్న మాట కాదనలేక చూశాం. పైకప్పు నుంచి గాజు దీపాలు వేలాడుతున్నాయి. వేదిక వెనక గోడంతా తెర. దాని మీద పెళ్ళివాళ్ళ బొమ్మలు వేస్తారట. అద్దె రోజుకి మూడున్నర లక్షలు, కరెంటు వేరే, ఊడ్చినందుకు వేరే. చేపా మాంసం గేటు లోపలికి రాకూడదు.

మేనేజరుకి మా వయసే ఉంటుంది. చాలా మర్యాదగా వివరాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. అమ్మాయి తల్లిదండ్రులు, ఊరు, ఉద్యోగం. తర్వాత అబ్బాయి వైపు. తండ్రిగారు లేరని చెబితే సానుభూతిగా తలూపి, పీటల మీద ఎవరు కూర్చుంటారని అడిగాడు. తెర మీద వాళ్ళ పేర్లు కూడా పడాలట.

“మా అన్నయ్య” అన్నాడు నాంచారయ్య.

“ఏం చేస్తారండి ఆయన?”

“సముద్రం మీద ఉన్నాడండి.”

“నేవీనా? ఓహో. మాఘానికి లీవు దొరుకుతుందంటారా మరి?”

“చూడాలండి” అన్నాడు నాంచారయ్య.

ఆ అబ్బాయి కాగితం మీద నేవీ అని రాసుకున్నాడు. మేము చెరిపించలేదు. మెట్లు దిగుతుంటే ఎందుకలా చెప్పావని నేను అడగలేదు. అబద్ధమేమీ చెప్పలేదు కదా.

ఉయ్యూరు

కంకిపాడులో టిఫిను చేశాం. నలభై రూపాయలకి నాలుగిడ్లీలు, మీద అల్లం పచ్చడి, కారప్పొడి, కరిగిన నెయ్యి. నాంచారయ్యకి ఆకలి బాగా ఉందని నాకు ధైర్యమొచ్చింది. అక్కణ్ణుంచి ఉయ్యూరు దాకా రోడ్డు నిండా చెరకు ట్రాక్టర్లే. చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజులు. గాలిలో మడ్డి వాసన ముందు తియ్యగా ఉంటుంది, పావుగంట పీలిస్తే కడుపులో తిప్పుతుంది.

ఊరు ఇంకా రాకుండానే పడ్డాం. ట్రాక్టరు చక్రాలు పొలం నుంచి మోసుకొచ్చిన బురద మీద బండి జారింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు కానీ నా చుడీదారు ఒక పక్కంతా నల్లరేగడి. వెనకొస్తున్న చెరకు బండి ఆయన దిగి, మా ఇద్దర్నీ చేను గట్టు మీద ఉన్న మోటారు దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు వదిలాడు. ఎక్కడికమ్మా అంటే మండపం చూడ్డానికని చెప్పాను. ఆయనకి ముగ్గురు కూతుళ్ళట. ముగ్గురి పెళ్ళిళ్ళూ ఇంటి ముందు పందిరేసి చేశాడట. “మండపమైతే వచ్చినవాడు అన్నం తిని పోతాడు. పందిరైతే నాలుగు రోజులుంటాడు” అన్నాడు. ఒక చెరకు గడ నరికి, మోకాలి మీద రెండుగా విరిచి చేతికిచ్చాడు.

ఉయ్యూరు మండపం చెరకు తోటల మధ్య ఉంది. లక్షన్నర అద్దె. కుళాయిలన్నిటిలో నీళ్ళొస్తున్నాయి. ఈ మాటకి విలువ నాలుగు మండపాలు చూసినవాళ్ళకే తెలుస్తుంది. మండపానికి సొంతంగా ఒక పురోహితుడున్నారు. డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి. తడి బట్టలతో ఉన్న నన్ను చూసి లోపల్నుంచి తుండు తెప్పించి ఇచ్చారు. కులాంతరమని చెప్పినా ముఖంలో ఏ తేడా రాలేదు. ముహూర్తం తిప్పి చూసి, బాగుంది, అమ్మాయికి చాలా బాగుంది అన్నారు. చివరికి ఆయన కూడా పీటల మీద ఎవరని అడిగారు. ఈసారి నాంచారయ్య జరిగిందంతా చెప్పాడు.

ఆయన పంచాంగం మూసి పక్కన పెట్టారు.

“ఉన్నాడంటే వచ్చి కూర్చోవాలి. లేడంటే ఏడాది ఆగాలి. మధ్యలో ఉన్నవాళ్ళకి నా దగ్గర పద్ధతి లేదు నాయనా” అన్నారు. తర్వాత మెల్లిగా, మీ అన్న భార్య బొట్టూ గాజులూ ఉంచుకుందా అని అడిగారు. ఉంచుకుందని నాంచారయ్య చెప్పాడు. “పాపం” అన్నారాయన. ఆ ఒక్క మాటతో మేము అక్కణ్ణుంచి లేచాం. మండపం యజమాని గేటు దాకా వచ్చి, వేరే పంతుల్ని తెచ్చుకోండి, మాకు అభ్యంతరం లేదన్నాడు. మంచివాడే. కానీ మళ్ళీ ఆ గేటు లోపలికి వెళ్ళడానికి నాకూ మనసొప్పలేదు.

చల్లపల్లి

ఆ రాత్రి చల్లపల్లిలో మా పిన్ని ఇంట్లో ఉన్నాం. పెళ్ళి కాని జంట కదా, నన్ను లోపలి గదిలో, ఆయన్ని వరండాలో పడుకోబెట్టి, మధ్య తలుపు దగ్గర పిన్ని పడుకుంది. వడ్డించేటప్పుడు మాత్రం ఆయనకే రెండోసారి నెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున చూసిన మండపం అన్ని విధాలా కుదిరింది. మెట్లు లేవు. ముందు పక్క శాకాహార వంటశాల. వెనక ప్రహరీ అవతల ఇంకోటి, దాంట్లో ఏం వండుకున్నా అడగరు. లక్షా పదివేలు. పురోహితుణ్ణి మనమే తెచ్చుకోవాలి. మేనేజరు పేర్లు అడగలేదు, తేదీ ఒక్కటే అడిగాడు. నాగాయలంక నుంచి గంటన్నర దూరం. నాగమ్మ గారు పొద్దున వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. నేను మనసులో తోరణాలు కూడా కట్టేశాను.

ఆ రోజు అక్కడ ఎవరిదో పెళ్ళి. భోజనాలు ఇంకా మొదలవలేదు. పెళ్ళికొడుకు నుదుటి మీద బాసికం పక్కకి జారింది. తల మీద తుండు చుట్టుకుని, చెమటలు కారుతూ వంటవాళ్ళ మీద కేకలేస్తున్న ఒకాయన దాన్ని చూసి, పరుగున వేదికెక్కి సరిగ్గా కట్టాడు. కడుతూ తమ్ముడి చెంప మీద సరదాగా ఒకటి తట్టి, మళ్ళీ వంటశాలలోకి పరుగెత్తాడు. అన్నదమ్ములని చూడగానే తెలుస్తోంది. ఒకటే ముక్కు.

నేను అడ్వాన్సు కోసం సంచీలో చెయ్యి పెట్టి చూసేసరికి నాంచారయ్య పక్కన లేడు. బయట బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

“అన్నీ బాగానే ఉన్నాయి కదా” అన్నాను.

“బాగానే ఉన్నాయి.”

“మరి?”

“అమ్మని అడిగి ఖాయం చేద్దాం” అన్నాడు. తర్వాత, “నేను ప్రతి చోటా మండపం చూడ్డం లేదు శ్రావణీ. వాడు ఎక్కడ నిలబడతాడా అని చూస్తున్నాను” అన్నాడు.

మేనేజరు మర్నాడు సాయంత్రం దాకా తేదీ ఎవరికీ ఇవ్వనన్నాడు. అవనిగడ్డ మీదుగా, కోతకొచ్చిన వరి చేల మధ్య వెళ్ళాం. మొన్నటి వానకి చేలన్నీ ఒరిగి నేలకంటుకుని ఉన్నాయి. కొన్ని చోట్ల కంకులు నీళ్ళలోనే మొలకెత్తాయి.

నాగాయలంక దాటాక

ఆ ఊరి పేరు రాయను. చెరువులు, మడ అడవి, తర్వాత ఊరు, ఊరి అవతల సముద్రం. నేను అక్కడికి వెళ్ళడం అదే మొదలు. బెజవాడలో మా సత్యనారాయణపురంలో పక్కింటివాళ్ళు ఎక్కడికెళ్తున్నారో అడగడం మర్యాద కాదు. అక్కడ అడక్కపోవడం మర్యాద కాదు. ఇంటికి చేరేలోపు ఎనిమిది మంది అడిగారు. ఇంకో తేడా కూడా గమనించాను. సముద్రం మీద పోయినవాళ్ళని అక్కడ పోయారని అనరు. రాలేదు అంటారు. ఫలానా ఆయన ఎనిమిదేళ్ళ క్రితం వేటకెళ్ళి రాలేదు. అంతకు ముందు ఆయన తండ్రి కూడా రాలేదు.

నాగమ్మ గారు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. గీరుకుపోయిన నా మోచెయ్యి చూసి, బండి నడపడం రాదేంట్రా అని కొడుకుని తిట్టింది. బొమ్మిడాయిల పులుసు పెట్టింది. నాకు చేప తినడం సరిగా రాదని, కోడలు దుర్గ పక్కన కూర్చుని ముళ్ళు తీసి పెట్టింది. దుర్గ వీరాస్వామి భార్య. ముప్ఫై ఏళ్ళుంటాయి. పిల్లలు లేరు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది, వేళ్ళ చివర్లు తెల్లగా నాని ఉన్నాయి. నుదుట పెద్ద బొట్టు, చేతులకి ఎర్రగాజులు, చేతికి ఆరు. మరీ బిగుతుగా ఉన్నాయి. పెళ్ళికి ముందు కొలతతో కొన్నవేమో అనుకున్నాను.

అన్నం తిన్నాక నాగమ్మ గారు నాంచారయ్యకి రెండు నోట్లిచ్చి, నాగాయలంక వెళ్ళినప్పుడు అన్న ఫోనుకి డబ్బులేయించమంది. ఆ ఫోను వీరాస్వామితోపాటే వెళ్ళింది. అయినా నెలనెలా ఆ నంబరుకి రీఛార్జి చేయిస్తోంది. నంబరు ఎవరికైనా ఇచ్చేస్తే వాడు ఎక్కణ్ణుంచి చేస్తాడు, ఎవరికి చేస్తాడు అంది. నాంచారయ్య ఆ నోట్లు జేబులో పెట్టుకున్నాడు.

చల్లపల్లి మండపం సంగతి చెబితే శ్రద్ధగా విన్నది. విని, మన ఊరి షెల్టరు ఉండగా అంత దూరమెందుకంది. తుఫాను వస్తే ఊరంతా తలదాచుకునే రెండంతస్తుల కాంక్రీటు మేడ అది. తుఫాన్లు లేనప్పుడు పెళ్ళిళ్ళన్నీ దాంట్లోనే. “ఇసకలో చెయ్యనన్నారంట గదా మీ నాయన. ఇసక కాదుగా, సిమెంటేగా. రేపొచ్చి చూడు” అంది నాతో. ఆ మాటంటూ నవ్వింది. నేనూ నవ్వాను.

నెత్తళ్ళు ఆరేసిన చోట

మూడో రోజు పొద్దున్నే దుర్గ నన్ను సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళింది. ఒడ్డున వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళు ఆరబోస్తున్నారు. బెజవాడ చేపల మార్కెట్లో ఎండు నెత్తళ్ళు కిలో నాలుగు వందలకి తక్కువ ఇవ్వరు. అక్కడ నూటయాభైకి అడుగుతున్నారని దుర్గ చెప్పింది. తనూ ఒక బుట్ట తీసుకుని పరవడం మొదలుపెట్టింది. నేనూ వంగి పరిచాను. రెండు నిమిషాల్లో నడుం పట్టేసింది.

“శ్రావణీ, నీకొకటి చెప్పాలి” అంది, చేతులు ఆపకుండా. “ఆయన రారు.”

ఆశ వదిలేసుకుందనుకున్నాను. అందరూ అనే మాటే అన్నాను, అలా అనుకోకండి అక్కా అని.

“అనుకోడం కాదమ్మా. సత్యం చూశాడు.”

సత్యం ఆ రోజు బోటులో ఉన్న నలుగురిలో ఒకడు, వీరాస్వామి స్నేహితుడు. తిరిగొచ్చిన నెలకి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి, గడప అవతలే నిలబడి దుర్గకి చెప్పాడట. తిరగబడినప్పుడు బోటు అంచు వీరాస్వామి తలకి తగిలింది. సత్యం ఐసు పెట్టె పట్టుకుని తేలుతూ, రెండో చేత్తో స్నేహితుణ్ణి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. ప్రాణం పోయిందని తెలిశాక వదిలేశాడు. మిగతా ఇద్దరూ దూరంగా ఉన్నారు, వాళ్ళకి తెలియదు. వదిలేశానని అందరి ముందూ చెప్పలేక, విడిపోయామని చెప్పాడు.

అప్పట్నుంచి ఏడు నెలలుగా అది దుర్గ ఒక్కదాని దగ్గరే ఉంది. పొద్దున్నే లేచి బొట్టు పెట్టుకుంటోంది. అత్త చూస్తుంది కాబట్టి, ఇంకొంచెం పెద్దది పెట్టుకుంటోంది.

“ఎన్నోసార్లు చెబుదామనుకున్నా. మీ నాయన ఒప్పుకున్నాడని మరిది వచ్చి చెప్పాడు చూడు, ఆ రోజు ఖాయంగా చెబుదామనుకున్నా. ఆ రోజు అత్త నవ్వింది. ఆయన పోయాక అదే నవ్వడం. ఇంక నోరు రాలా.” అప్పుడు చేతులాపి నా వైపు చూసింది. “చదువుకున్నదానివి. చెప్పనా, మాననా?”

ఇది రాయకుండా దాటేయొచ్చు. కానీ ఆ క్షణంలో నాకు ముందుగా గుర్తొచ్చింది వీరాస్వామి కాదు, దుర్గ కాదు, అన్న కోసం ప్రతి మండపంలో చోటు వెతుకుతున్న నాంచారయ్య కూడా కాదు. మాఘం గుర్తొచ్చింది. ఏడాది వాయిదా పడితే మా నాన్న మళ్ళీ ఒప్పుకోరు. ఆయన మెత్తబడటానికి పట్టిన రెండేళ్ళూ గుర్తొచ్చాయి. ఇంకో గుప్పెడు నెత్తళ్ళు తీసి పరిచాను.

దుర్గకి అర్థమైంది. “నువ్వు వద్దంటే మాఘం దాకా ఆగుతా. ఇన్నాళ్ళాగాను గదా. పీటల మీద కూర్చోమన్నా కూర్చుంటా” అంది. ఎత్తిపొడుపు కాదది. నిజంగానే మాకు ఆ గడువు ఇస్తానంటోంది.

పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, ఖాళీ పీట పక్కన ఆమె కూర్చోవడం నా కళ్ళ ముందు కనపడింది. అందరూ ఆమె చేత నా నెత్తిన అక్షింతలు వేయించడం కనపడింది.

“చెప్పండి అక్కా” అన్నాను.

“పెళ్ళి?”

“ఆగుతుంది.” సముద్రం హోరులో ఆమెకి వినపడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది.

షెల్టరు

తాళం తీసింది సత్యమే. బోటు తిరగబడ్డాక అతను మళ్ళీ వేటకెళ్ళలేదట. షెల్టరు కాపలా పని పంచాయతీవాళ్ళు ఇచ్చారు. తలుపు తెరిచి పక్కకి నిలబడ్డాడు. నాంచారయ్య భుజం మీద చెయ్యేసి పలకరిస్తే, నేల చూస్తూ జవాబు చెప్పాడు.

లోపల పొడవాటి హాలు, కిటికీలకి ఇనప రెక్కలు. గోడల మీద పాత పెళ్ళిళ్ళ రంగు కాగితాలు అంటుకుని ఉన్నాయి. నాగమ్మ గారు అడుగులు వేసి కొలుస్తోంది. మండపం ఇక్కడ, మీవాళ్ళు ఈ వైపు, ఫ్యాన్లున్న వైపు. మీ నాయనకి కుర్చీ వేయిస్తాలే అంది. తర్వాత మధ్యలో నిలబడి, “పెద్దోడొస్తే వాడూ దుర్గా ఇక్కడ కూర్చుంటారు. రాకపోతే దుర్గ కూర్చుంటది, వాడి పీట వాడికే ఉంటది” అంది.

దుర్గ ఆమెకెదురుగా వెళ్ళి నిలబడింది. “అత్తా, ఆయన రారు. సత్యాన్ని అడుగు.”

నాగమ్మ గారు ముందు కోప్పడింది. శుభమా అని పెళ్ళి మాటలు మాట్లాడుతుంటే ఏంటా మాటలంది. ఎవరూ బదులు చెప్పకపోయేసరికి సత్యం వైపు తిరిగింది. అతను తలుపు పట్టుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచే చెప్పాడు. దుర్గ చెప్పినదాని కన్నా తక్కువ మాటల్లో.

ఆమె అరవలేదు. నిలబడ్డ చోటే నెమ్మదిగా కింద కూర్చుంది.

“చెయ్యి పట్టుకున్నావా?” అని అడిగింది.

“పట్టుకున్నానత్తా.”

“ఎప్పటిదాకా?”

“తెల్లారిందాకా.”

“తెల్లారాక?”

“తెల్లారాక మొహం చూశా.”

“అయితే పక్కన మనిషున్నాడు” అంది, ఎవరితోనో తెలియదు. తర్వాత ఆమె ఏడుపు మొదలైంది. ఆ హాల్లో కుర్చీలు, బల్లలు ఏమీ లేవు కాబట్టి గోడ గోడకీ తగిలి తిరిగొచ్చింది. సత్యం తలుపు దగ్గరే కూలబడ్డాడు. దుర్గ అత్త పక్కన కూర్చుని, ఆమె తల తన ఒళ్ళోకి తీసుకుంది. తను మాత్రం ఏడవలేదు. తన ఏడుపు ఏడు నెలల క్రితమే అయిపోయింది.

నాంచారయ్య మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుంటే, నీకెప్పుడు తెలిసింది అని అడిగాడు. పొద్దున తెలిసిందన్నాను. చెప్పమన్నది నేనేనని మాత్రం ఆ రోజు చెప్పలేదు. ఆయన జేబులోంచి ఫోను తీసి చల్లపల్లి మేనేజరుకి చేశాడు. క్లాసులో లెక్క వివరించే గొంతుతోనే మాట్లాడాడు. “ఆ తేదీ ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఏడాది దాకా మాకొద్దు” అన్నాడు. ఫోను పెట్టేశాక అది చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లింది. తియ్యలేదు.

తిరుగు దారి

విన్న రోజు నుంచి మైల లెక్క. కాబట్టి ఆయన పది రోజులు ఊరు కదలకూడదు. నన్ను అవనిగడ్డలో బస్సెక్కించారు. చల్లపల్లి మండపం ముందు నుంచే వెళ్ళింది బస్సు. నిన్నటి పెళ్ళివాళ్ళ అరటి బోదెలు గేటు బయట పడేసి ఉన్నాయి, గేదె ఒకటి తింటోంది. ఉయ్యూరు వచ్చేసరికి పురోహితుడి మాట గుర్తొచ్చింది. ఇప్పుడు మేము మధ్యలో లేము. ఆయన పంచాంగంలో మాకు చోటుంది.

నాన్న అంతా విన్నారు. పాపం అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత, ఏడాది అంటే చాలా కాలం, అప్పటి సంగతి అప్పుడు చూద్దాం అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. ఈ కథనం రాసే రోజుకీ ఆయన ఆ మాట మీదే ఉన్నారు. ఇంట్లో మండపం అనే మాట ఎవరూ ఎత్తరు. నేనూ నాంచారయ్యా కాలేజీలో రోజూ కలుస్తాం, స్టాఫ్ రూంలో ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటాం. పెళ్ళి ఎప్పుడని ఎవరైనా అడిగితే ఆయన నా వైపు చూస్తాడు.

పదకొండో రోజుకి నేను వెళ్తానంటే నాన్న వద్దన్నారు. పెళ్ళి కావలసిన పిల్ల అలాంటి చోటికి వెళ్ళకూడదని అమ్మ కూడా అంది. పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్ళాను.

పదకొండో రోజు

భోజనాలు షెల్టరులోనే. వీరాస్వామి చొక్కా, లుంగీ నదిలో వదిలి, గుండుతో తిరిగొచ్చిన నాంచారయ్యని నేను దూరం నుంచి గుర్తుపట్టలేదు. వడ్డనకి కూరలు మోస్తున్నాడు.

పై అంతస్తు గదిలో దుర్గ చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. పసుపు రాశారు, పూలు పెట్టారు. కాసేపట్లో గాజులు పగలగొడతారు. మా ఇళ్ళలోనూ ఈ పని ఉండేది. చదువుకున్నవాళ్ళమయ్యాక తలుపులేసుకుని నిశ్శబ్దంగా చేస్తున్నాం, అంతే తేడా. నన్ను చూసి ఒక పెద్దావిడ కంగారుగా లేచి, కాబోయే పెళ్ళికూతురివి, ఇది చూడకూడదమ్మా, కిందికి పో అంది.

దుర్గ తలెత్తి చూసింది.

“ఎవరూ పగలగొట్టొద్దు” అంది అందరితో. “నేనే తీస్తా. శ్రావణీ, ఆ సబ్బు ఇటు తే.”

పెద్దావిడ నాగమ్మ గారి వైపు చూసింది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పక్కకి తిప్పుకుంది. నలుగురైదుగురు గొణుక్కుంటూ లేచి బయటికి వెళ్ళారు.

నేను చెంబుతో నీళ్ళు, సబ్బు తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. మణికట్టు చుట్టూ నురగ పట్టించాను. బొటనవేలు లోపలికి మడిచి పట్టుకోమని తనే చెప్పింది. మొదటి గాజు వచ్చింది. రెండోది వచ్చింది. ఎక్కడా పగలకూడదని ఇద్దరం చాలా జాగ్రత్తగా చేస్తున్నాం. తీసిన ఒక్కో గాజునీ తను చీర కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. నొప్పిగా ఉందా అక్కా అని అడిగితే, లేదంది. కింద నుంచి విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినపడుతోంది.

పన్నెండోది రావడానికి చాలాసేపు పట్టింది.